గుప్పెడంటే ఎన్ని?

నా చిన్నప్పుడు నాకు అంకెలు చెప్పే జబ్బు ఉండేది. జబ్బని ఇప్పుడంటున్నాను గానీ అప్పట్లో దాన్ని ఊరంతా తెలివి అనుకునేది. ఊరికంటే ముందు నేనే అనుకున్నాను. చెట్టుకు చింతకాయలెన్ని, మందలో మేకలెన్ని, ఉదయగిరి కొండ మీది కోటగోడకు రాళ్ళెన్ని పట్టుంటాయి అని ఎవరైనా అడగడమే ఆలస్యం, కళ్ళు సగం మూసి, పెదవులు కదిపి, ఒక అంకె చెప్పేసేదాన్ని. అందులో ఒక కిటుకు ఉంది. నాలుగు వందలు అంటే ఎవరూ నమ్మరు, నోటికొచ్చింది చెప్పింది అంటారు. నాలుగు వందల ముప్పై ఏడు అంటే మాత్రం మారు మాట్లాడరు. చివర ఒక ఏడో మూడో తగిలిస్తే చాలు, ఎంచి చెప్పినట్టే ఉంటుంది. ఎవరు పోయి చెట్టెక్కి ఎంచొస్తారు? ఇంట్లో నన్ను లెక్కచేయని వాళ్ళు కూడా నా లెక్కను మాత్రం లెక్కచేసేవారు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా తమ్ముడికి ఏడాది నిండి నెలయింది. దేశానికి స్వతంత్రం వచ్చి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మా ఊరు ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఉంది. రెండేళ్ళుగా వానలు మొహం చాటేసిన కాలం అది. నాయన ఎద్దుల కోసమని సీతారామపురం వైపు వెళ్ళి రెండు రోజులైంది. అమ్మ పగలంతా చేలో ఉండేది. ఇంట్లో మా అవ్వ, నేను, ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునే మా తమ్ముడు.

మా ఇంటికి రెండిళ్ళ అవతల బంగారు పని చేసే ఆచారి తాత ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన దగ్గర ఇనప తూకపురాళ్ళు ఉన్నా, చిన్న నగలకు గురిగింజలనే నమ్మేవాడు. ఏడాదికొకసారి కొండకు పోయేవాళ్ళ చేత కొత్త గింజలు తెప్పించి, పాతవాటిలో కలిపి, అరిగినవీ పగిలినవీ ఏరి పారేసేవాడు. ఆ ఏరివేతకు ముందు వీధి పిల్లలకు ఒక పందెం పెట్టడం ఆయనకు అలవాటు. నూనె కొలిచే ఇత్తడి గిద్ద నిండా గింజలు పోసి, ఎన్ని పట్టాయో చెప్పమనేవాడు. దగ్గరగా చెప్పినవాళ్ళకు తీగ మెలిపెట్టి చేసిన ఒక రాగి ఉంగరం. ఒక్క ఉంగరానికి వీధి పిల్లల వేళ్ళన్నీ దురద పెట్టేవి.

ఆ రోజు పొద్దున ఎవరి అంకె వాళ్ళం మా అరుగు గోడ మీద బొగ్గుతో రాశాం. పక్కింటి అక్క ఆరు వందలు అంది. ఎంత గుండ్రంగా చెప్పిందో అని నాకు నవ్వొచ్చింది. నేను నాలుగు వందల ముప్పై ఏడు అన్నాను. గురిగింజల మీద నాకు మంచి గురి ఉందని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. తాత బంగారం అతకడానికి వాడే వెలిగారం కొనడానికి ఆత్మకూరు బస్సెక్కుతూ, గిద్ద మూతికి గుడ్డ వాసెన కట్టి, సాయంత్రం వచ్చి అందరి ముందూ ఎంచుతానని చెప్పి మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. "ఈ పాప కాడ ఉంటే భద్రంగా ఉంటాది" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇప్పటికీ ఎవరైనా నన్ను చూసి భద్రం అన్నారంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మధ్యాహ్నం అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నడవలో నిద్రపోయింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. నేలకు జానెడెత్తున కట్టిన ఊయలలో తమ్ముడు పడుకున్నాడు. గిద్ద గూట్లో ఉంది. పందెం గెలవడం కాదు నాకు కావలసింది, గెలుస్తానని ముందే తెలియడం. గుడ్డ విప్పి వంటింట్లో గింజలు నేల మీద పోసి పదేసి చొప్పున ఎంచాను. ఎర్రటి గింజలు, ఒక్కొక్కదానికీ ఒక నల్ల కన్ను. అన్నీ నా వైపే చూస్తున్నట్టు ఉన్నాయి. నాలుగు వందల ముప్పై ఏడు ఎంచేశాక కూడా ఇంకో కుప్ప మిగిలింది. రెండు గుప్పెళ్ళకు తక్కువ ఉండదు. నా అంకె తప్పింది.

అంకె మార్చడానికి లేదు, గోడ మీద ఉంది. మార్చడానికి వీలున్నవి గింజలే. ఆ మిగులు కుప్పలోంచి ఒక గుప్పెడు తీశాను. అంతా తీస్తే గిద్ద తల తరిగి పట్టుబడతాను కదా, ఆ మాత్రం తెలివి ఉంది. మిగతావి మళ్ళీ పోసి, గుడ్డ కడదామనుకునే లోపల నడవలో అవ్వ కదిలిన చప్పుడైంది. గిద్దను నేల మీదే వదిలి, గుప్పెడుతో పెరట్లోకి పరుగెత్తి, బావిలో వేశాను. నీళ్ళు బాగా అడుగున ఉన్న కాలం. వేసిన కొంతసేపటికి గానీ చప్పుడు వినబడలేదు. వడగళ్ళ లాంటి చిన్న చప్పుడు.

తిరిగొచ్చేసరికి తమ్ముడు ఊయలలో లేడు. వంటింట్లో, బోర్లాపడిన గిద్ద పక్కన, ఎర్రటి గింజల మధ్య కూర్చుని నా వైపు చూసి నవ్వాడు. నవ్వినప్పుడు పైన రెండు, కింద రెండు పళ్ళు, వాటి వెనక నాలుక మీద ఒక గింజ కనబడ్డాయి. వేలు పెట్టి లాగి తీశాను. వాడు ఏడవలేదు. ఇంకా ఎన్ని లోపలికి పోయాయో వాడికి తెలియదు, తెలిసినా చెప్పడానికి వాడికింకా మాటలు రాలేదు. అంకెలకు ఊళ్ళో పేరుమోసిన నాకూ తెలియలేదు.

గురిగింజ నూరి పెడితే ఎద్దు కూడా చచ్చిపోతుందని మా వైపు పిల్లలందరికీ తెలుసు. నేను చేసిన పని చెబుతున్నాను, దాన్ని ఇన్నేళ్ళ తర్వాత కూడా తేలిక చేయలేను. గింజలన్నీ ఏరి, గిద్దలో పోసి, ఎప్పటిలాగే గుడ్డ కట్టి, గూట్లో పెట్టాను. అవ్వను లేపలేదు. తమ్ముణ్ణి మళ్ళీ ఊయలలో వేసి, పక్కన కూర్చుని వాడి పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉన్నాను. వాడు ఎప్పటికంటే ఎక్కువసేపు నిద్రపోయాడు. ఒకసారి ఊపిరి ఆగినట్టనిపించి ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి తగిలింది. మళ్ళీ పెట్టాను. ఆ మధ్యాహ్నం అలా ఎన్నిసార్లు పెట్టానో మాత్రం అంకె వేయలేదు.

సాయంత్రం బస్సు దిగి తాత వచ్చాడు. పిల్లలంతా అరుగు చుట్టూ చేరారు. అమ్మ చేలోంచి వచ్చి తమ్ముణ్ణి చంకనెత్తుకుని నిలబడింది. తాత గుడ్డ విప్పి, చాప మీద గింజలు పోసి, పదేసి చొప్పున పక్కకు జరుపుతూ గట్టిగా ఎంచాడు. నాలుగు వందల డెబ్బై ఒకటి. "ఈ పిల్లే గెలిచినాది!" అని పక్కింటి అక్క నా వీపు మీద చరిచింది. తాత ఉంగరం పట్టుకున్న చెయ్యి చాచబోయి మధ్యలో ఆపాడు.

"ఐదు వందల ఇరవై" అన్నాడు. "పొద్దున్నే నేను ఎంచి పోసినాను. నలభై తొమ్మిది యాడికి పోయినాయి?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవ్వ గడప మీద కూర్చుని వక్క నములుతోంది. నమలడం ఆపింది.

"ఇందాక పిల్లోడు నిద్ర లేచినప్పుడు ఈ బడవ గుప్పెట్లో ఒక గింజ ఉంటే ఊడబెరికి గుడ్డ కిందికి తోసినాను, ఆచారీ. యాడో ఒకటి జారిందనుకుంటిని" అంది.

అమ్మ చంకలోని తమ్ముణ్ణి దించి, నోరు తెరిచి చూసి, మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ దించింది. "నలభై తొమ్మిదా? అత్తా, నలభై తొమ్మిదీ వీడే మింగినాడా?" అని అడిగింది. అవ్వ లేచి, "పేడనీళ్ళు కలపండి. నోరు తెరిచి తాపితే అంతా కక్కేస్తాడు" అని పెరట్లోకి కదిలింది. విషం మింగినవాళ్ళకు మా వైపు చేసేది అదే. పెద్దవాళ్ళకే ఊపిరి తిరగక ప్రాణం మీదికి వచ్చేది. అంత ముంతెడు ఏడాది పిల్లవాడి గొంతులో పోస్తే ఏమవుతుందో తాతకు తెలుసు. "చెల్లెమ్మా, రవంత ఆగు" అన్నాడు. "నలభై తొమ్మిది కడుపులో పెట్టుకుని ఆగమంటావా?" అంది అవ్వ, అప్పటికే ముంత చేతిలోకి తీసుకుని.

ఆ నలభై తొమ్మిదిలో ఎక్కువ భాగం బావిలో ఉందని ఆ అరుగు మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే ఉంగరం పోతుంది, పేరు పోతుంది, వీపు పోతుంది. చెప్పకపోతే పోయేది వేరే. అవ్వ చేతిలో ముంత చూశాక అంతా ఒకేసారి నోటికొచ్చింది.

"వాడు కాదు. నేను తీసినాను. గుప్పెడు తీసి బాయిలో ఏసినాను."

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "గుప్పెడంటే ఎన్నిమే? ఎన్ని?" అంటూ నా భుజాలు పట్టుకుని ఊపింది. జబ్బు జబ్బే కదా, "నలభై మూడు" అన్నాను. అమ్మ ఊపిరి వదిలింది. అవ్వ ముంత సగం దించింది. నా అంకెను వాళ్ళు ఎప్పటిలాగే నమ్మేశారు. ఆరు గింజలే అన్నమాట.

తాత మాత్రం నమ్మలేదు. నా ముందు గొంతుకూర్చున్నాడు.

"ఎంచినావా?"

"లేదు."

"మరి ఆ మూడు యాడ్నుంచి వచ్చింది, పాపా?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆయన కోపగించుకోలేదు. ఎట్టా తీసినావు, కూర్చునా, నిలబడా, ఏ చేత్తో, ఎంత కుప్పలోంచి అని ఒక్కొక్కటే అడిగాడు. అంతే కుప్ప చాప మీద పోశాడు. "తీయి" అన్నాడు. తీశాను. ఎంచితే ముప్పై. మళ్ళీ తీయమన్నాడు. ఇరవై ఎనిమిది. అంటే తమ్ముడి కడుపులో ఇరవై ఒకటి. అమ్మ వెనక నుంచి సన్నగా, "ఇంకొన్ని తీయవే తల్లీ, బాగా తీయి" అంది. మా అమ్మ నన్ను తల్లీ అనడం అరుదు. ఈసారి వేళ్ళ సందుల్లోంచి కారిపోయేలా తీశాను. యాభై ఒకటి.

"యాభై ఒకటా?" అన్నాడు తాత. "అట్టయితే వాడే రెండు గింజలు యాడ్నుంచో తెచ్చి గిద్దలో ఏసుండాల." ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అన్నట్టు లేదు. "మొదట భయం తీసినాది. ఇప్పుడు ఆశ తీసినాది. నీ చెయ్యి ఇంకా తీయలేదు."

అప్పుడు ఆయన చేసిన పని చూసి ఈయనకు మతి పోయిందని అవ్వ అనుకుని ఉంటుంది. నన్ను గోడ వైపు మొహం తిప్పి కూర్చోమని, పదమూడో ఎక్కం అప్పజెప్పమన్నాడు. ఆపకూడదు, తప్పకూడదు, చెబుతూనే కుడిచెయ్యి వెనక్కి పెట్టి కుప్పలోంచి తీస్తూ ఉండాలి. పదమూడో ఎక్కం నాకు సరిగా రాదు. అంకెల ఆడపడుచుకు ఎక్కాలు రావని ఆ రోజు వీధికి తెలిసింది. పదమూడొకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు అంటూ, పదమూడు ఏళ్ళు దగ్గర తడబడుతూ, మళ్ళీ మొదటికొస్తూ ఉంటే నా చెయ్యి నాకు తెలియకుండానే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నేను తీసిన ప్రతి గుప్పెడూ ఆయన అరచేతిలోకి తీసుకుని, ఎంచి, మళ్ళీ కుప్పలో కలిపేవాడు. పైకి చెప్పేవాడు కాదు. గోడ మీద నా కళ్ళ ముందే నా అంకె ఉంది, నాలుగు వందల ముప్పై ఏడు. వెనక తమ్ముడు కేరింతలు కొడుతున్నాడు. కేరింత ఆగినప్పుడల్లా నా ఎక్కం ఆగిపోయేది.

ఏడుసార్లయ్యాక తాత నన్ను ఇటు తిరగమన్నాడు. నలభై ఒకటికి ఒక్కసారి కూడా తగ్గలేదట. నలభై ఐదుకు ఒక్కసారి కూడా దాటలేదట. "పిల్లోడి కడుపులో నాలుగుకు తక్కువ లేవు, ఎనిమిదికి ఎక్కువ లేవు. అంతకు మించి నాకు తెలవదు, ఈ పాపకూ తెలవదు. తెలిసినట్టు ఎవురూ మాట్లాడబాకండి" అన్నాడు. నలభై మూడు సరిగ్గా నడుమన పడిందని నాలో ఒక మూల చిన్న గర్వం తలెత్తింది. ఆయనకు అది నా మొహంలో కనబడింది కాబోలు. "తగిలినాది. తెలిసి చెప్పింది కాదు" అన్నాడు నాకొక్కదానికే వినబడేట్టు.

తర్వాత తమ్ముడి చిగుళ్ళ మీద వేలు రాసి చూశాడు. నమలడానికి దవడ పళ్ళు లేవు. నాలుక మీద పప్పు తునకలు లేవు. గురిగింజ తోలు గట్టిది, పగలకుండా పోతే పోయినట్టే బయటికొస్తుందని అమ్మకు చెప్పాడు. అవ్వ చేతిలోని ముంత తీసుకుని తానే బయట పారబోశాడు. అంతవరకు ధైర్యంగానే ఉన్నాడు. వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి, తనలో తాను అనుకుంటున్నట్టు, "పగిలినవి ఇంకా ఏరలేదు" అన్నాడు. ఆ గిద్దలో పాతవీ కొత్తవీ కలిసే ఉన్నాయి. పగుళ్ళు ఉన్నవి ఎన్నో ఆయనకూ తెలియదు. ఆ మాట అమ్మ వినలేదు. నేను విన్నాను.

తెల్లారి మొదటి బస్సుకు ఉదయగిరి ఆసుపత్రికి వెళ్ళాం. దారిలోనే తమ్ముడికి ఒళ్ళు కాలడం మొదలైంది. తాత కూడా వచ్చాడు గానీ మాతో కూర్చోలేదు, వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. డాక్టరు ఎన్ని మింగాడని అడిగితే అమ్మ నా వైపు చూసింది. నోటి చివర ఒక ఏడు వచ్చి నిలబడింది. దాన్ని మింగేశాను. మా తమ్ముడు మింగిన వాటికంటే అది మింగడమే కష్టమైందని తర్వాత్తర్వాత నేను జోకులు వేశాను గానీ ఆ పూట నాకు జోకు కాదు. "నాలుగుకు తక్కువ కాదు, ఎనిమిదికి ఎక్కువ కాదు" అన్నాను. ఆయన రాస్తున్నవాడల్లా తలెత్తి చూసి, ఎవరు చెప్పారని అడిగాడు. ఎంచి చూశామన్నాను. మొదటిసారి ఆ మాట నిజం.

పిల్లవాణ్ణి అక్కడే ఉంచుకున్నారు. రెండు రోజులు కక్కాడు, జ్వరంతో మూలిగాడు. అవ్వ వాడి కింద పరిచిన ప్రతి గుడ్డా తీసుకుపోయి నీళ్ళ దగ్గర కూర్చుని వెతికేది. అలాంటి పనికి ఎవరూ పద్యాలు రాయరు, కానీ ఆ రెండు రోజులు మా ఇంటి ప్రాణమంతా ఆ గుడ్డల్లోనే ఉంది. రెండో రోజు పొద్దున నాలుగు గింజలు వచ్చాయి. సాయంత్రం మరో రెండు. ఐదు నున్నగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆరోదాని పొట్టు మీద వెంట్రుకంత గీత. దాన్ని డాక్టరు వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి పక్కన పెట్టాడు. మూడో రోజు ఏమీ రాలేదు. నాలుగో రోజు కూడా రాలేదు. ఆరే మింగాడో, ఇంకా రెండు లోపల ఉన్నాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. నాకు మాత్రం ఆ రెండూ చాలా ఏళ్ళు లోపలే ఉన్నాయి. వాడికి కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ, పెద్దవాడై పెళ్ళయ్యాక కూడా, నాకు బావిలో వడగళ్ళు పడ్డ చప్పుడు వినబడేది. వాడిప్పుడు డెబ్బై దాటి మనవళ్ళతో ఉన్నాడు. కాస్త అజీర్తి చేసినా ఫోన్ చేసి, "అక్కా, నీ బాకీ రెండూ కదులుతున్నట్టుండాయి" అంటాడు. వాడు నవ్వుతాడు. నేను నవ్విన చప్పుడు మాత్రం చేస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు తాత నన్ను తన కుంపటి దగ్గరికి పిలిచాడు. గింజలన్నీ ఏరడం అయిపోయింది. పగిలినవి కుంపట్లో వేశాడు, చిటపటమని పేలుతున్నాయి. గోడ మీది అంకెలు ఆయనకు గుర్తున్నాయి. పక్కింటి అక్క ఆరు వందలు నాకంటే మూడు గింజల దగ్గర ఉందట. "రెండు తీసుంటే నువ్వు గెలిచేదానివి" అన్నాడు. గుప్పెడు అక్కర్లేదు, రెండు చాలు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మెలిపెట్టిన రాగి ఉంగరం తీసి నా కుడిచేతి చూపుడు వేలికి తొడిగాడు. పందెం నేను గెలవలేదు కదా అన్నాను.

"గెలిచినందుక్కాదు" అన్నాడు. "వేలికి ఇది ఉంటే గుప్పెట్లో రెండు గింజలు తక్కువ పడతాయి."

తర్వాత నేను పెరిగి, బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మనయ్యాను, ఎక్కాలు రాని దానికి దేవుడు వేసిన శిక్ష అనుకోండి. ఏది అడిగినా ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు అని రెండంకెలు రాయమనేదాన్ని. ఒకే అంకె రాసి, చివర ఏడు తగిలించిన పిల్లల దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుని, ఆ ఏడు యాడ్నుంచి వచ్చిందని మెల్లగా అడిగేదాన్ని. ఉంగరం చూపుడు వేలికి బిగుతై చిటికెన వేలికి మారింది. ఇప్పుడు వేళ్ళు చిక్కిపోయి మళ్ళీ చూపుడు వేలికే వచ్చింది. పొద్దున ఎసట్లో వేయడానికి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీస్తాను. చెయ్యి మూసుకునే సరికి, నేను పిలవకపోయినా, నోరు పదమూడొకట్లు పదమూడు అంటుంది. పదమూడు ఏళ్ళు దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఆ తడబాటులో ఒక్క క్షణం, వెనక పసివాడి కేరింత వినబడుతోందా లేదా అని చెవి పెడతాను.